నలభై రెండో గుండె

విశాఖపట్నం నుంచి చిలీ దేశంలోని వాల్పరైసో రేవుకి దూరం పదహారు వేల తొమ్మిది వందల డెబ్భై కిలోమీటర్లు. మామూలుగా వెళ్ళాలంటే మూడు విమానాలు మారాలి, ముప్పై ఆరు గంటలు పడుతుంది, దిగేసరికి కాళ్ళు చెప్పుల్లో పట్టవు. మా బండిలో అయితే యాభై రెండు నిమిషాలు. ఈ అంకెలన్నీ నేను రోజుకి నలభై సార్లు ప్రయాణికులకి అప్పజెప్పేదాన్ని. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని. అంకెలంటే నాకు అంత గర్వం. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు వరహాలు. పద్నాలుగేళ్ళు ఒక ఆసుపత్రిలో గుండె పరీక్షల గదిలో పనిచేసి, తర్వాత భీమిలి కొండ మీది మడత కేంద్రంలో చేరాను. ప్రయాణానికి మూడు రోజుల ముందు ఒక్కొక్కరి వేలికీ క్లిప్పు తగిలించి, పావుగంట నాడి చూసి, ఆ గుండె లయని యంత్రానికి ఎక్కించడం నా పని. కాగితాల మీద నా హోదా నాడి నమోదు అధికారి. మా అమ్మ మాత్రం 'ఏలికి క్లిప్పులెట్టే ఉద్యోగం' అని ఊరంతా చెప్పేది.

ఆ యంత్రం డాక్టర్ సువార్త బుర్రలోంచి పుట్టింది. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ బల్ల మీద తువ్వాలు పరిచి చూపించేది. ఈ చివర విశాఖ, ఆ చివర వాల్పరైసో. తువ్వాలు మడత పెడితే రెండు చివర్లూ పక్కపక్కకి వస్తాయి. దూరాన్ని అలా మడతపెట్టి బండిని అవతలికి దాటించాలి, అంతే. ఉత్త సామాన్లు పంపినన్నాళ్ళూ ఏ పేచీ లేదు. కోళ్ళని పంపినప్పుడు తెలిసింది అసలు సంగతి. తొమ్మిది కోళ్ళ గుండెల లయ యంత్రానికి ఇచ్చి గంపని పంపితే, యాభై రెండు నిమిషాల్లో తేలాల్సింది నాలుగు నెలలకి తేలింది. కోళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. వాటికి వేసిన నూకలు సగం అలాగే ఉన్నాయి. వాటికి గడిచింది గంటలోపే. గంప అడుగున గడ్డిలో, ఎవరూ చూసుకోని గుడ్డు ఒకటి ఉంది. అందులో పిల్ల గుండె కొట్టుకుంటోంది.

"లెక్కలో లేని గుండె ఒక్కటి చాలు," అంది సువార్త ఆ రోజు. "మడత దాన్ని మొయ్యలేక కాలాన్ని సాగదీస్తుంది. ఆ గుండె లయకీ మనం చెప్పిన లయకీ ఎంత తేడా ఉంటే అంత సాగుతుంది. లోపలున్నవాళ్ళకి మాత్రం ఏమీ తెలీదు."

ఆ తర్వాతే దరఖాస్తులో ఒక ప్రశ్న చేర్చారు: గర్భవతులా? 'కాదు' అని రాస్తే దాని కింద పరీక్ష చేసినట్టు నాడి నమోదు అధికారి సంతకం ఉండాలి. అంటే నా సంతకం.

మా చెల్లెలు నూకరత్నం నాకన్నా పదహారేళ్ళు చిన్నది. దాన్ని నా చంకనేసుకుని పెంచాను. దాని మొగుడు తాతారావు సరుకుల ఓడలో ఇంజనీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీదే. రత్నానికి రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఈసారి నిలిస్తే మొదటి నెలల్లో దూరప్రయాణాలు పెట్టుకోవద్దని.

మే నెల మొదట్లో ఒక ఆదివారం పెదవాల్తేరులో మా వంటింట్లో చింతపండు పిసుకుతూ నెమ్మదిగా అంది రత్నం.

"అక్కా, నీళ్ళోసుకున్నానే."

నేను కేక పెట్టబోయాను. ఆ పులుసు చేత్తోనే నా నోరు మూసేసింది.

"అరవకే తల్లీ! అమ్మకి తెలుసు, ఇప్పుడు నీకు. రెండుసార్లూ ముందే ఊరంతా చెప్పీసాను, ఏటైంది? మూడో నెల నిండేదాకా ఈసారి డాక్టరమ్మ దగ్గరికి కూడా ఎళ్ళను. చేతిలో చెయ్యెయ్యి, ఎవరికీ చెప్పనని."

వేశాను.

"తాతారావుకి కూడానా?"

"అది ఫోన్లో చెప్పే మాటా? మొగం చూసి చెప్పాల. ఓడ మరమ్మతుకని వాల్పరైసోలో ఎనిమిది రోజులుంటాదట. మళ్ళీ ఎక్కితే అయిదు నెలలు. మీ బండిలో పంపీయవే. కుర్చీలో గంట కూర్చుంటే ఏటవుద్ది? భీమిలి బస్సెక్కితే ఇంతకన్నా కుదుపులు."

అది నిజమే. నాకు ఉద్యోగి కోటా టికెట్టు ఒకటి ఉంది కూడా.

"ఎన్నాళ్ళయిందే?" అన్నాను.

వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టింది. "ముప్పై అయిదు రోజులు."

నా బుర్ర చకచకా పనిచేసింది. ముప్పై అయిదంటే అయిదు వారాలు. కడుపులో గుండె కొట్టుకోవడం మొదలయ్యేది ఆరు వారాలు నిండుతుండగా. బండి బుధవారం. అప్పటికి ముప్పై ఎనిమిది రోజులు. గుండే లేనప్పుడు యంత్రానికి లెక్క తప్పేది ఎక్కడ? 'అవును' అని రాస్తే దాన్ని గేటు కూడా దాటనివ్వరు. 'కాదు' అని నేనే రాశాను. కింద నేనే సంతకం పెట్టాను. తప్పు చేస్తున్నానని అనుకోలేదు. రూలుకన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.

బుధవారం సాయంత్రం నాలుగింటికి బండి కదిలింది. ముప్పై ఎనిమిది మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది. నలభై ఒక్క గుండెలు. రత్నం కిటికీ లేని ఆ బండిలోకి వెళ్తూ వెనక్కి తిరిగి "ఎళ్ళొస్తానక్కా" అంది.

మడతలో ఉన్న బండితో మాట్లాడే వీల్లేదు. అది సెకనుకి వెయ్యి టిక్కులు పంపుతుంది, అంతే. వెయ్యి కలిసి మాకు సన్నటి ఈలలా వినపడతాయి. శబ్దాల గదిలో నేనూ సువార్తా కూర్చుని వింటున్నాం. ఇరవై ఆరో నిమిషంలో ఈల దిగజారింది. ముందు తుమ్మెద రొదలా అయింది. తర్వాత గురగుర. అయిదు నిమిషాల్లో ఒక్కొక్క టిక్కూ విడిగా వినపడసాగింది. ఆ తర్వాత రెండు టిక్కుల మధ్య ఒక నిమిషం పట్టింది.

సువార్త లేచి నిలబడింది. ఆవిడ మొహంలో రంగు పోవడం నేను చూశాను.

"లోపల ఇంకో గుండె ఉంది. బల్లో, ఎలకో దూరిందా? పొగ పెట్టారా లేదా బండికి?"

"పెట్టారు మేడమ్."

"నువ్వు నలభై ఒకటీ సరిగ్గా చూశావా?"

"చూశాను."

అది అబద్ధం కాదని నన్ను నేను నమ్మించుకున్నాను. రత్నం కడుపులో ఇంకా గుండె లేదు కదా, ఇంకేదో అయ్యుంటుంది, ఎలకే అయ్యుంటుంది. చేతిలో చెయ్యేసిన ఒట్టు ఒకటి అడ్డం. నలభై నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాను. పొగ పెట్టినవాళ్ళని పిలిచి సువార్త చెడామడా తిడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఈలోగా తాతారావు ఫోన్.

"వదినా, ఇక్కడ బోర్డు మీద ఆలస్యం అనెట్టినారు. రత్నం దిగనేదు. ఏటైంది?"

"కనుక్కుని చెప్తాను," అని పెట్టేశాను.

బయట హాల్లో ప్రయాణికుల తాలూకు మనుషులు క్షేమంగా దిగినట్టు కబురు వచ్చేదాకా కూర్చుంటారు. వాళ్ళలో ఒకాయన నన్ను తలుపు దగ్గర ఆపాడు. భుజం మీద చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. వాళ్ళావిడ రెండు రోజుల సదస్సుకి వెళ్ళిందట.

"ఇంకెంతసేపండీ? ఇది సీసా నోట పెట్టుకోవట్లేదు. వాళ్ళమ్మ అక్కడ దిగాక ఒక్కసారి గొంతు వినిపిస్తే ఊరుకుంటుందేమోనని చూస్తున్నానండి."

నేను గదిలోకి తిరిగొచ్చి సువార్తతో చెప్పేశాను. అంతా చెప్పాను. సంతకం సంగతి కూడా.

ఆవిడ గోడ గడియారం వంక చూసింది. "నలభై నిమిషాలు," అంది. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

అప్పుడే నాకు మొత్తం తెలిసింది, ఎంత పని జరిగిందో. ఇలాగే వదిలేస్తే బండి అరవై మూడేళ్ళకి తేలుతుంది. లోపలున్నవాళ్ళకి ఇంకో ఇరవై ఆరు నిమిషాలే. బయట వాళ్ళకోసం ఎదురుచూసేవాళ్ళెవరూ మిగలరు. సరిదిద్దే దారి ఒకటుంది. నలభై రెండో గుండె లయని ఇప్పుడు ఎక్కిస్తే మడత మళ్ళీ సర్దుకుంటుంది. కానీ ఒక్కసారే ఎక్కించగలం. యంత్రం మడతని పట్టుకుని ఉండేది ఏడూ పది దాకానే, ఆ తర్వాత దానికి ఏమీ చెప్పలేం. కాలం ఎంత సాగుతోందో టిక్కులు చెబుతాయి కానీ, ఆ గుండె లయ ఎంతో వాటి నుంచి వెనక్కి లెక్కకట్టడం ఇంకా ఎవరికీ చేతకాదు. లయ మనమే సరిగ్గా చెప్పాలి.

"కడుపులో బిడ్డ గుండె రోజురోజుకీ వేగం పెరుగుతుంది," అంది సువార్త, పట్టిక తెరిచి. "ఎన్ని రోజులో తెలిస్తే ఎంత కొట్టుకుంటుందో చెప్పొచ్చు. ఎన్ని రోజులు?"

"ముప్పై ఎనిమిది."

"ఖాయంగా?"

"వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది మేడమ్."

"ముప్పై ఎనిమిదికి గుండె ఉండకూడదే. ఉందంటే కాస్త ముందే మొదలైందన్నమాట. అలా అయితే నిమిషానికి నూరు దగ్గర." ఆవిడ పెన్ను పట్టిక మీద ఆగింది. "ఇది డాక్టర్ల లెక్కేనా, వరహాలూ?"

"అవును మేడమ్."

పద్నాలుగేళ్ళు ఆసుపత్రిలో పనిచేసినదాన్ని, నా దగ్గర ఇంకో లెక్క ఎందుకుంటుంది? ఆలోచించనైనా ఆలోచించకుండా అనేశాను.

"ఎందుకైనా మంచిది, మీ అమ్మగారిని అడుగు."

అమ్మకి తొమ్మిదిసార్లు చేశాను. ఎత్తలేదు. పక్కింటివాళ్ళకి చేస్తే తలుపు గొళ్ళెం పెట్టి ఉందన్నారు. ఆరున్నర అయింది. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఇరవై నిమిషాలు. ఆ మధ్యలో గదిలో ఏ చప్పుడూ లేదు. యంత్రం వేడెక్కి కాలిన రబ్బరు వాసన వేస్తోంది. నేను గణపతికీ, నూకాలమ్మకీ, సువార్త మెళ్ళో వేలాడే శిలువకీ కూడా దణ్ణం పెట్టాను. ఆరూ యాభైకి సువార్త ఇక ఆగలేనంది. ఇంకో నిమిషంలో యంత్రం ఆగిపోయినా ఆగిపోవచ్చు. నూరు అని కొట్టి, నా వంక ఒకసారి చూసి, మీట నొక్కింది.

టిక్కు వచ్చింది. ఆరు నిమిషాల తర్వాత ఇంకోటి వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. తగ్గుతోంది కదా, ఇరవై నుంచి ఆరుకి దిగింది కదా! తర్వాతది మూడుకి రావాలి, ఆ తర్వాత ఈల వినపడాలి. సువార్త మాత్రం గడియారం మీంచి చూపు తిప్పలేదు.

అప్పుడు మోగింది ఫోన్. అమ్మ.

"ఏటే వరాలూ, అన్నిసార్లు చేసినావు? గుడికెళ్ళినాను, ఫోను ఇంటికాడ ఒగ్గీసినాను. రత్నం దిగినాదా?"

"అమ్మా, రత్నానికి ఎన్ని రోజులు?"

"నీకూ చెప్పీసినాదా? అదీ, దాని నోరూ." అమ్మ నవ్వింది. "నేనే కదేటే లెక్కెట్టి చెప్పినాను దానికి! ఉగాది ముందర కొత్తమాస నాడు అది బయటుండాల. ఉండనేదు. నాతోటి నూకాలమ్మ గుడికొచ్చినాది, అప్పుడే అనుకున్నాను. ఆ రోజు నించి లెక్కెట్టుకో. నేటికి ముప్పై ఎనిమిది."

ఫోన్ చెవి దగ్గరే ఉంది. అమ్మ ఇంకేదో అంటోంది. నాకు వినపడలేదు.

నెల తప్పిన రోజు నుంచి. అందరమూ అలాగే అంటాం. 'నెల తప్పి ఇరవై రోజులు', 'నెల తప్పి రెండు నెలలు'. మా అమ్మ అలాగే అంటుంది, మా అమ్మమ్మా అలాగే అంది, నేను కడుపుతో ఉన్నప్పుడు నేనూ అలాగే అన్నాను. డాక్టర్లు దానికి ముందు నెల, ఆఖరిసారి బయటున్న రోజు నుంచి లెక్కేస్తారు. రెండు లెక్కలకీ మధ్య ఇరవై ఎనిమిది రోజులు తేడా. ఆసుపత్రిలో ఎంతమంది ఆడవాళ్ళని ఆ మాట మళ్ళీ మళ్ళీ అడిగి సరిచేశానో నాకే తెలీదు. నా చెల్లెల్ని అడగలేదు. నా వంటింట్లో నా పక్కన నిలబడి అది మన ఇంటి లెక్క చెబితే, నేను ఆసుపత్రి చెవులతో విన్నాను.

ముప్పై ఎనిమిదికి ఇరవై ఎనిమిది కలిపితే అరవై ఆరు. తొమ్మిది వారాలు దాటిపోయింది. గుండె ఎప్పుడో మొదలైంది.

"మేడమ్, అరవై ఆరు! అరవై ఆరు రోజులు! నెల తప్పిన దగ్గర్నుంచి చెప్పింది! మార్చండి!"

సువార్త పట్టిక చూడలేదు. ఆవిడకి చూడక్కర్లేదు. "నూట డెబ్భై అయిదు," అంది. అని కుర్చీలో అలాగే ఉండిపోయింది.

నేను ఆవిడని తోసేసి మీటల మీద పడ్డాను. నూట డెబ్భై అయిదు కొట్టాను. యంత్రం తీసుకోలేదు. మళ్ళీ కొట్టాను. గోళ్ళు విరిగేదాకా కొట్టాను. ఏడూ రెండు నుంచి ఏడూ పది దాకా, ఆ ఎనిమిది నిమిషాలూ కొడుతూనే ఉన్నాను. సువార్త నన్ను ఆపలేదు. ఏడూ పదికి యంత్రం మీది దీపం ఆరిపోయింది. మధ్యలో ఇంకో టిక్కు వచ్చింది, సరిగ్గా ఆరు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లకి. దాని తర్వాతదీ అంతే. ఇక తగ్గదు, పెరగదు.

సువార్త కాగితం మీద గుణించింది. మూడుసార్లు గుణించింది. పంతొమ్మిదేళ్ళు.

పది నిమిషాలు ఆగి ఉంటే చాలు. నేను మొదటి నలభై నిమిషాలూ నోరు మూసుకోకుండా ఉంటే, అమ్మ కోసం గుడికి కారు పంపడానికి తీరిక ఉండేది. వంటింట్లో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇదేదీ లేదు. ఏడ్చి ప్రయోజనం లేదని తెలిసీ నేలమీద కూర్చుని ఏడ్చాను. సువార్త నా పక్కన కూర్చుంది. ఆవిడ కూడా మనిషే కదా, ఆ మీట నొక్కింది ఆవిడ వేలు.

హాల్లోవాళ్ళకి ఆవిడే చెప్పింది. నేను వెనకాల నిలబడ్డాను. కొందరు అరిచారు. ఒకావిడ స్పృహ తప్పింది. చంటిపిల్ల తండ్రి మాత్రం అరవలేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయినట్టుంది. ఆయన దాని వీపు నిమురుతూ, మా దగ్గర ఏదో చిన్న పొరపాటుంటే సరిదిద్దుతున్నట్టుగా అన్నాడు.

"లేదండీ. దీనికి ఏడు నెలలేనండి."

తాతారావుకి నేను చెప్పాలి. ఇంకొకరు చెప్పకూడదు. మేడ మీదకి వెళ్ళి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. వెనకాల రేవులో క్రేన్ల చప్పుడు. వాళ్ళకి ఇంకా పొద్దున్నే. అతనికి ముప్పై నాలుగేళ్ళు. బండి తేలేసరికి యాభై మూడు. రత్నానికి మాత్రం ఇరవై తొమ్మిదే.

ఎన్నేళ్ళో చెప్పాను. ఆ అంకె ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత అడిగాడు.

"లెక్క ఎందుకు తప్పింది వదినా?"

ఆ మాట నాది కాదు, రత్నానిది. అది చెప్పడానికే పదిహేడు వేల కిలోమీటర్లు బయల్దేరింది. అయినా చెప్పాను. "రత్నం కడుపుతో ఉంది తాతారావూ. నీ మొహం చూసి చెప్పాలని ఎవరికీ చెప్పనివ్వలేదు. సంతకం నేను పెట్టాను. రోజుల లెక్క తప్పు చెప్పింది కూడా నేనే."

నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టమని మనసులో వేడుకున్నాను.

"ఎప్పుడు పుడతాదట?" అన్నాడు.

"పంతొమ్మిదేళ్ళ ఏడు నెలలకి."

క్రేన్ల చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"పొద్దున్న దానికి వాంతులేటైనా అయినాయా?"

"రెండుసార్లు అయ్యాయి."

"అల్లం మురబ్బా ఇచ్చినావా?"

"ఇచ్చాను. చేతిసంచీలో పెట్టాను."

"అయితే ఫర్వానేదు," అన్నాడు. "దానికి ఇంకా ఇరవై ఆరు నిమిషాలే కదా వదినా."

అవునన్నాను. ఫోన్ పెట్టెయ్యడం మా ఇద్దరికీ చేతకాలేదు.